ఓటు మా లంకలో పెట్టుకోనా, కాకినాడలోనా?

మాది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. కాకినాడలో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాను. 18 నిండాయి, ఓటు ఇంకా నమోదు చేసుకోలేదు. హాస్టల్ అడ్రస్ పెట్టేస్తే పోలింగ్ రోజు బస్సుల టెన్షన్ ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్నగారేమో ఓటు ఊళ్ళోనే ఉండాలంటున్నారు. అసలు హాస్టల్ అడ్రస్ మీద ఇస్తారా? రెండు చోట్లా పెట్టుకోవచ్చా?

గట్టు మాస్టారు
ఇస్తారమ్మా. నేను టీచర్ని, బీఎల్ఓ (బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారి) పని కూడా చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. గుర్తింపు ఉన్న కోర్సు, కనీసం ఏడాదిది అయితే అమ్మానాన్నల ఇంటి దగ్గరైనా, హాస్టల్ దగ్గరైనా తీసుకోవచ్చు, ఎంపిక నీదే. హాస్టల్ అయితే కాలేజీ నుంచి బోనఫైడ్, అంటే అక్కడ చదువుతున్నట్టు సర్టిఫికెట్, తెచ్చుకో. రెండు చోట్లా మాత్రం వద్దు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కొత్త ఓటుకి ఫారం 6, తర్వాత మార్చుకోవాలంటే ఫారం 8. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండాలనేవారు, ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబర్ 1వ తేదీలు కూడా లెక్కే. అనుమానం ఉంటే 1950 నంబరుకి ఫోన్ చెయ్యి.

కొబ్బరితోట
చెల్లెమ్మా, నేను చదువుకునేటప్పుడు హాస్టల్ అడ్రస్ మీదే తీసుకున్నాను. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి, ఊరొచ్చి చూస్తే జాబితాలో నా పేరు లేదు, ఎందుకంటే పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది, నా పేరేమో కాకినాడలో ఉంది. మా వార్డు ఐదారు ఓట్ల తేడాతో తేలింది. మా అమ్మ, పిన్ని, తాతయ్య అందరూ వెళ్ళి వేసొచ్చారు, నేను బడి గేటు బయట నిలబడ్డాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఊరి రోడ్డు, కుళాయి నీళ్ళు, వరదొస్తే పడవ ఎవరు పంపుతారు, ఇవన్నీ ఆ ఓటుతోనే కదా.

జగన్నాథపురం వంతెన
నేను ఒప్పుకోను. నాలుగేళ్ళు ఉండే ఊరు మీది కాకుండా ఎలా పోతుంది? వానొస్తే హాస్టల్ సందులో మోకాలి లోతు నీళ్ళలో నడిచేది మీరే. పైగా ఊళ్ళో ఓటు ఉంచుకుని వెళ్ళకపోతే ఎవరికి లాభం? 2024 మే 13న ఓటేయడానికి హైదరాబాద్ నుంచి రాత్రంతా నిలబడి వచ్చాను, మా రూములో మిగతా ఇద్దరికి టికెట్లు దొరక్క ఆగిపోయారు. వెళ్ళగలిగే చోటే పెట్టుకోండి.

గట్టు మాస్టారు
అదీ నిజమే. కానీ ఈ అమ్మాయిది కాకినాడ, హైదరాబాద్ కాదు. యానాం మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం లోపు ఓటేసి సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవచ్చు.

(ప్రశ్న అడిగిన అమ్మాయి)
అందరికీ థాంక్సండీ. ఊళ్ళోనే పెడుతున్నాను. వరదలప్పుడు మా నాయనమ్మని పడవ మీద గట్టుకి చేర్చిన రోజు గుర్తొచ్చింది, ఆ పడవ మధ్యాహ్నం దాకా రాలేదు. ఆదివారం ఇంటికెళ్ళి ఫారం 6 నింపుతాను.