ఫైనల్లో గాయం నుంచి వచ్చిన స్టార్‌ని మొదటి నుంచే దించాలా?

ప్రశ్న: 2019 చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్లో చీలమండ గాయం నుంచి అప్పుడే కోలుకున్న హ్యారీ కేన్‌ని మొదటి నుంచే ఆడించారు. సెమీస్‌లో హ్యాట్రిక్ కొట్టిన లూకాస్ మౌరా బెంచీ మీదే. వాళ్ల జట్టు టాటెన్‌హామ్ 2–0తో ఓడింది. ఇలాంటప్పుడు ఏం చూసి తేల్చుకోవాలి?

జవాబు 1: నొప్పి తగ్గితే ఫిట్ అయినట్టు కాదండీ. ఒంటికాలి మీద గెంతించండి, రెండు కాళ్ల మధ్య తేడా 10 శాతం లోపుండాలి. తర్వాత ఫుల్ స్పీడులో పరిగెత్తి ఠక్కున ఆగి మళ్లాలి. తడబడేది అక్కడే.

జవాబు 2: తొడ వెనక కండరమైతే వద్దే వద్దు. 2014లో లిస్బన్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో అదే గాయంతో దిగిన అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు డియెగో కోస్టా 9వ నిమిషానికే బయటికొచ్చాడు. అప్పుడు సబ్‌లు (ఆటగాళ్ల మార్పులు) మూడే. ఎక్స్‌ట్రా టైమ్‌లో (90 నిమిషాల తర్వాత ఆడే అదనపు అరగంట) అదే జట్టు హువాన్‌ఫ్రాన్ కుంటుతున్నా మార్చడానికి సబ్‌లు మిగల్లేదు. అట్లెటికో 4–1తో మునిగింది.

జవాబు 3: బెంచీ నుంచి దించినా లెక్క వేసుకోండి. 60వ నిమిషంలో వచ్చినవాడు ఎక్స్‌ట్రా టైమ్ పడితే గంట ఆడాలి!