గానుగ నూనె పేరుతో అమ్మిన డబ్బాను పరీక్ష చేయించడం ఎలా?

మా వీధి దుకాణంలో కొన్న ఐదు లీటర్ల డబ్బా మీద ముందు వైపు పెద్ద అక్షరాలతో ‘గానుగ వేరుశనగ నూనె’ అని, కాయల బొమ్మతో సహా ముద్రించి ఉండగా, వెనుక వైపు కంటికి ఆనని అక్షరాల్లో శుద్ధి చేసిన పామోలిన్ పేరు కూడా కనిపించింది. మూత తీస్తే వేరుశనగ వాసనే లేదు. 14 అంకెల ఆహార వ్యాపార లైసెన్సు సంఖ్య మాత్రం ఉంది. పామోలిన్ కలిసి ఉంటే చలికి గడ్డకడుతుందంటూ ఫ్రిజ్‌లో పెట్టి చూడమని కొందరు చెప్పారు గానీ, అసలైన వేరుశనగ నూనె కూడా బాగా చల్లబడితే మసకబారి పేరుకుంటుంది కనుక ఆ పరీక్షను నేను నమ్మను.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు రుసుము చెల్లించి ఫుడ్ ఎనలిస్టు (ఆహార నమూనాలను పరీక్షించే అధికారిక నిపుణుడు) చేత సరుకును పరీక్ష చేయించుకోవచ్చు; ఉల్లంఘన తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. అయితే ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే వ్యాపారికి తెలియజేయాలన్న షరతు ఉంది. అలా చెబితే ఏ వ్యాపారి ఆ డబ్బా చేతికిస్తాడు?

హైదరాబాద్‌లో ఈ పద్ధతిలో నూనెను పరీక్ష చేయించినవారు ఉంటే, మూత తీసిన డబ్బాను నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలలో స్వీకరిస్తారా, లేక ముందుగా ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేసి, దుకాణం నుంచే నమూనా తీయించడం మేలా అన్నది దయచేసి తెలియజేయగలరు. బిల్లు నా వద్దే ఉంది.