అప్‌డేట్: ఐరిస్ మడిలో గరిక సమస్య తీరింది

టెక్సాస్‌లోని మా పెరట్లో ఐరిస్ అనే పూలమొక్కల దుంపల మధ్య అల్లుకుపోయిన గరికను, మొక్కలకు హాని లేకుండా ఎలా చంపాలని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫ్లూయాజిఫాప్ అనే కలుపు మందు వాడమన్న సూచనే ఫలించింది. ఐరిస్ ఏకదళబీజ మొక్కే అయినా గడ్డి కుటుంబానికి చెందదు కనుక, గడ్డిజాతిని మాత్రమే చంపే ఈ మందు దానికి హాని చేయలేదు. లేబుల్‌పై ఐరిస్ పేరు ఉందని చూసుకున్నాకే, గాలి లేని ఉదయం పిచికారీ చేశాను. ఫలితం వెంటనే కనబడదు; కొన్నాళ్లకు గరిక ఎర్రబారి, లాగితే లేత మొవ్వు అడుగున కుళ్లి సులువుగా ఊడి వచ్చింది. కణుపుల నుంచి మళ్లీ చిగురించిన చోట మరోసారి కొట్టవలసి వచ్చింది.

తుంగ గడ్డిజాతి కాదు కనుక దానిపై ఈ మందు పనిచేయదు. దానిని గడ్డలతో సహా తవ్వి తీశాను. ఐరిస్‌నూ దెబ్బతీసే గ్లైఫోసేట్ అనే కలుపు మందు అవసరం రాకపోవడం ఎంతో ఊరట. ఆకులపై నేను భయపడిన గోధుమరంగు మచ్చలకు మందుతో సంబంధం లేదు. అవి శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు.