10 మెగాహెర్ట్జ్ నుంచి 25: డయోడ్లతో గుణించాలా, పీఎల్‌ఎల్ పెట్టాలా?

జడ్చర్ల_క్రిస్టల్:
పాత టెలికాం బోర్డు నుంచి తీసిన 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌ఓ (వేడి స్థిరంగా ఉంచే పెట్టెలోని క్రిస్టల్ ఆసిలేటర్) దొరికింది. క్యూఓ-100 అనే హామ్ రేడియో ఉపగ్రహాన్ని వినడానికి ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండే రిసీవర్ భాగానికి) 25 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఇవ్వాలి. నాయిస్ తక్కువ ఉండాలి. డయోడ్లతో గుణించడమా, పీఎల్‌ఎల్ (ఒక ఆసిలేటర్‌ని ఇంకోదాని ఫేజ్‌కి లాక్ చేసే సర్క్యూట్) పెట్టడమా, ఏ దారి మంచిది?

పాలమూరు_కాయిల్:
డయోడ్లే తమ్ముడూ. రెండు షాట్కీ డయోడ్లను ఒకదానికొకటి తలకిందులుగా కడితే సైన్ వేవ్ రెండు వైపులా సమానంగా తెగుతుంది, బేసి హార్మోనిక్‌లే (10కి బేసి రెట్లే) మిగులుతాయి. ఐదోది 50. దాన్ని ఎల్‌సీ ఫిల్టర్లతో ఏరి, పెంచి, చివర రెండుతో భాగించే ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టు. యాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌లో బైపాస్ చేయని చిన్న రెసిస్టర్ వదిలితే ఫ్లికర్ నాయిస్ (తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువగా ఉండే నాయిస్) తగ్గుతుంది. డయోడ్ సొంతంగా కలిపేది చాలా తక్కువ. పీఎల్‌ఎల్ జోలికి పోవద్దు.

దేవరకొండ_బెంచ్:
"చాలా తక్కువ" అంటే ఎంత అన్నా? ఫ్రీక్వెన్సీని ఎన్ రెట్లు చేస్తే 20 లాగ్ ఎన్ లెక్కన, 10 నుంచి 25కి ఫేజ్ నాయిస్ (సిగ్నల్ ఫేజ్‌లో వణుకు) 8 డెసిబెల్ పెరుగుతుంది. ఎల్‌ఎన్‌బీ ఆ 25ని 390 రెట్లు చేసి 9750 మెగాహెర్ట్జ్‌కి తీసుకెళ్తుంది, ఇంకో 52 డెసిబెల్. మొత్తం 60. అందుకే 25 మెగాహెర్ట్జ్ వీసీఎక్స్‌ఓని (వోల్టేజీతో కొద్దిగా జరిపే క్రిస్టల్ ఆసిలేటర్‌ని) సన్నని లూప్ ఉన్న పీఎల్‌ఎల్‌తో ఓసీఎక్స్‌ఓకి లాక్ చేయమంటాను. క్యారియర్ (అసలు ఫ్రీక్వెన్సీ) దగ్గర ఓసీఎక్స్‌ఓ, దూరంగా వీసీఎక్స్‌ఓ క్రిస్టల్ పని చేస్తాయి.

మిర్యాల_యాంటెన్నా:
కొన్ని ఎల్‌ఎన్‌బీల్లో 25 కాదు, 27 ఉంటుంది. ముందు మూత తీసి క్రిస్టల్ మీద చూడండి.

పాలమూరు_కాయిల్:
క్యారియర్ దగ్గర ఆ 60 నీకూ అంతే, నాకూ అంతే. దాంతో కొత్త పిల్లవాడిని భయపెట్టడం దేనికి? పీఎల్‌ఎల్ సంగతి నాకు తెలుసు. ఒక ఆన్‌లైన్ షాపు నుంచి తెప్పించిన సింథసైజర్ బోర్డులో క్యారియర్ చుట్టూ అన్నీ స్పర్లే (అక్కర్లేని సిగ్నల్సే). వాపసు తీసుకోమంటే ఫోన్ కూడా ఎత్తలేదు.

దేవరకొండ_బెంచ్:
అది చవక సింథసైజర్, నేను చెప్పింది వీసీఎక్స్‌ఓ. రెండూ ఒకటి కావు. మీ చైన్‌లో 50 పక్కనున్న 30, 40, 60, 70 మెగాహెర్ట్జ్ హార్మోనిక్‌లు ఎంత అణిగాయో చెప్పండి.

పాలమూరు_కాయిల్:
ఎస్‌డీఆర్‌లో (కంప్యూటర్‌తో నడిచే రేడియో రిసీవర్‌లో) చూశాను, ఏమీ కనపడలేదు. టోన్ శుభ్రంగా వినిపిస్తుంది.

నకిరేకల్_పవర్:
ఏది కట్టినా 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి. అడాప్టర్ పెడితే 100 హెర్ట్జ్ రిపుల్ సైడ్‌బ్యాండ్లుగా ఎక్కుతుంది. పైగా మా దగ్గర బోరు మోటార్లు ఆన్ కాగానే వోల్టేజీ పడిపోతుంది.

దేవరకొండ_బెంచ్:
ఆ ఎస్‌డీఆర్ సొంత నాయిస్ కింద మీ చైన్ నాయిస్ కనపడనే కనపడదు. కొలవకుండా లో-నాయిస్ అని ఎలా అంటారు?

పాలమూరు_కాయిల్:
అదీ అసలు మాట! లక్షల ఖరీదు చేసే అనలైజర్ లేనివాడు ఈ మాట అనకూడదు, అంతేగా? చేత్తో కాయిల్ చుట్టి, ఎక్కడ ఏం జరుగుతుందో తెలుసుకుని కట్టినవాడికి విలువ లేదా? హైదరాబాద్ మీటింగుల్లోనూ ఇదే ప్రశ్న. ప్రతిసారీ మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోబెడతారు.

దేవరకొండ_బెంచ్:
నాకూ అనలైజర్ లేదన్నా, నాదీ ఇంట్లో బల్లే. ఒకేలాంటి చైన్లు రెండు కట్టండి. రెంటికీ అదే ఓసీఎక్స్‌ఓ ఇచ్చి, 50 మెగాహెర్ట్జ్ దగ్గరే ఎస్‌బీఎల్-1 మిక్సర్‌లో (రెంటి ఫేజ్ తేడాను వోల్టేజీగా ఇచ్చే భాగంలో) కలపండి. 90 డిగ్రీల తేడాకు ఒక వైపు సుమారు మీటరు ఆర్‌జీ-58 కేబుల్ ఎక్కువ పెట్టి, మిక్సర్ డీసీ సున్నాకు వచ్చేలా సరిచేయండి. ఓసీఎక్స్‌ఓ నాయిస్ చాలావరకు రద్దవుతుంది. మిగిలింది రెండు చైన్లది. లో-నాయిస్ ఆడియో యాంప్లిఫయర్ మీదుగా సౌండ్ కార్డులో చూసి, రెండు చైన్లూ ఒకేలాంటివి కాబట్టి ఒక్కోదానికి 3 డెసిబెల్ తీసేయండి. మీ పనికి విలువ లేదని నేననలేదు. పక్కవాడు మీ మాట నమ్మి డబ్బు పెడతాడు, అతనికి అంకె చూపించాలి.

పాలమూరు_కాయిల్:
ఈ పద్ధతి మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. రెండోది కడతాను. నీ వీసీఎక్స్‌ఓలూ రెండు కట్టి 25 దగ్గర ఇలాగే కొలువు. అంకె చూపేదాకా నీది మంచిదని నేనూ ఒప్పుకోను.

జడ్చర్ల_క్రిస్టల్:
ఆదివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తున్నాను. ఎస్‌బీఎల్-1 దొరక్కపోతే ఫెర్రైట్ రింగులు, నాలుగు డయోడ్లతో మిక్సర్ చేసుకోవచ్చా?

దేవరకొండ_బెంచ్:
చేసుకోవచ్చు. నాలుగు డయోడ్లూ ఒకే ఫార్వర్డ్ వోల్టేజీ ఉన్నవి మీటరుతో ఏరుకో.