కంప్యూటర్లు తయారుచేసే సంస్థ డయల్‌అప్ సేవను కూడా నడపవచ్చా?

ప్రశ్న:
ఆపిల్ సంస్థ 1994 జూన్‌లో ఈవరల్డ్ అనే డయల్‌అప్ సేవను మొదలుపెట్టి, రెండేళ్లయినా నిండకుండానే 1996 మార్చి 31న మూసివేసింది. ఆపిల్ కంప్యూటరు మాకింతోష్ (మాక్) ఉన్నవారు మోడెమ్‌తో ఫోను కలుపుకొని ఉత్తరాలు, వార్తలు, చర్చలు అందుకొనే ఏర్పాటు అది. కంప్యూటర్ల చరిత్ర చదువుతున్న నాకు ఒక సందేహం మిగిలిపోయింది. యంత్రాలు అమ్ముకొనే సంస్థ ఇలాంటి పనికి పూనుకోవడమే పొరపాటా, లేక నడిపిన తీరులో లోపమా? ఆ రోజుల్లో దానిని చూసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
1995లో నేను కాలిఫోర్నియాలో చదువుకొనేటప్పుడు, నా గదిలో ఉండే మిత్రుడి మాక్‌లో దీనిని చూశాను. మోడెమ్ కూత ఆగగానే తెరమీద రంగుల్లో గీసిన చిన్న ఊరు కనిపించేది. ఉత్తరాలకు ఒక భవనం, పత్రికలకు ఒకటి, చదువులకు ఇంకొకటి. దేనిమీద నొక్కితే ఆ విభాగం తెరుచుకొనేది. కంప్యూటరు ముందు మొదటిసారి కూర్చున్నవారు కూడా ఎవరినీ అడగకుండా తిరగగలిగేంత చక్కగా ఉండేది. కానీ అంత ముచ్చటైన ఊళ్లో జనం పలచన. నెలకు 8.95 డాలర్లకు రెండు గంటలే దక్కేవి, అవీ సాయంత్రాలూ వారాంతాల్లోనే. అన్నిటికీ మించి, విండోస్ వాడేవారికి అందులో ప్రవేశం లేదు. మా మిత్రుడు తన స్నేహితులతో చర్చాగదిలో మాట్లాడాలంటే అమెరికా ఆన్‌లైన్ అనే మరొక డయల్‌అప్ సేవకు వెళ్లవలసి వచ్చేది. తన యంత్రం కొన్నవారికే పరిమితమయ్యే సేవను ఏ సంస్థా పెట్టకూడదని నా అభిప్రాయం.

రెండవ జవాబు:
లోపాన్ని ఒప్పుకొంటాను గాని, ఆ పని ఆపిల్‌కు తగదనడం న్యాయం కాదు. తన యంత్రం దగ్గర వాడుకరి ఎక్కడ తడబడతాడో తయారుచేసినవారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? 1985 నుంచే ఆపిల్‌లింక్ ద్వారా తన ఉద్యోగులకూ, డీలర్లకూ ఆ సంస్థ ఇలాంటి సదుపాయం కల్పించింది. సామాన్యుల కోసం 1988లో క్వాంటమ్ అనే సంస్థతో కలిసి మరొక సేవ తెచ్చి, మరుసటి ఏడాదే విడిపోయింది. ఆ క్వాంటమ్ నడిపిన సేవే తరువాత అమెరికా ఆన్‌లైన్ అయింది. ఈవరల్డ్‌కు కావలసిన సాఫ్ట్‌వేరును ఆపిల్ మళ్లీ వారి దగ్గరే తీసుకొంది! చేతిలోని భాగస్వామిని వదులుకోవడమే, నా దృష్టిలో, అసలు నష్టం. కంప్యూటర్లు తయారుచేసే ఐబీఎం కూడా సియర్స్ అనే దుకాణాల సంస్థతో కలిసి ప్రాడిజీ అనే ఇలాంటి సేవను నడిపింది కదా.

మూడవ జవాబు:
మన వైపు ఉదాహరణ కూడా ఒకటి ఉంది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ తన అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే ద్వారా 1998లో, అంతవరకు ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ ఒక్కటే అందిస్తున్న డయల్‌అప్ ఇంటర్నెట్‌ను ప్రజలకు ఇవ్వసాగింది. సత్యం యంత్రాలు అమ్మే సంస్థ కాదు కనుక పోలిక పూర్తిగా కుదరకపోవచ్చు. అయినా గంటల లెక్కన కొనుక్కొన్న ఆ ప్యాక్‌తో ఎవరి కంప్యూటరు నుంచైనా ఇంటర్నెట్‌లోకి వెళ్లగలిగేవాళ్లం. ఈవరల్డ్ ఊరు కట్టి ద్వారం దగ్గర నిలబడితే, వీరు దారి మాత్రం వేశారు. 1994లోనే ఆపిల్ ఆ దారి పట్టి ఉంటే, మాక్ లేనివారు కూడా దాని ఖాతాదారులయ్యేవారు.