అమ్మకు అండాశయం కేన్సర్ 3సి: కీమోనా, ఆపరేషనా, ఏమీ వద్దా?

ఉద్దానం చిన్నోడు
మాది కవిటి దగ్గర ఊరు. అమ్మకు 69. సంక్రాంతి నుంచి కడుపు ఉబ్బరం అంటే గ్యాస్ అనుకున్నాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండు నెలలు గ్యాస్ బిళ్ళలే వాడాం. నాలుగు ముద్దలకే చాలనేది. ముందు అనుమానపడింది మా ఆవిడ. ముఖం పీక్కుపోతోంది, లంగా బొందు మాత్రం వారానికోసారి వదులు చేసుకుంటోంది, ఇదేంటని. స్కాన్ తీస్తే కడుపులో నీరు. రక్తంలో ఈ కేన్సర్ జాడ చూపే సీఏ-125 వెయ్యి దాటింది. విశాఖలో ముక్క పరీక్ష చేసి 3సి, అంటే ముదిరిన మూడో దశ అన్నారు, కడుపు లోపలి పొరంతా గింజలు గింజలుగా పాకిందట.

కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు 21 రోజులకోసారి మూడు విడతలు, సీటీ తీసి తగ్గితే పెద్ద ఆపరేషన్, తర్వాత ఇంకో మూడు విడతలు అంటున్నారు. పైగా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అమ్మకు 1.6, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఉద్దానం వాళ్ళకి ఆ అంకె గురించి చెప్పక్కర్లేదు, నాన్న డయాలసిస్ మీదే పోయారు. అన్నయ్య అప్పు చేసైనా ఆపరేషన్ చేయిద్దామంటాడు. అక్క ఈ వయసులో కోతలెందుకంటుంది. అమ్మకు 'గడ్డ' అని మాత్రమే చెప్పాం. మొన్న జీడిపిక్కలు ఎండబోస్తూ, "నా కడుపులో ఏటున్నాదో నాకు సెప్పకుండా మీలో మీకు గుసగుసలేట్రా?" అంది. నాకు నోట మాట రాలేదు.

గజపతినగరం కోడలు
తమ్ముడూ, మా అత్తగారిదీ ఇదే. అప్పటికి ఆవిడకు 71. ముందే ఆపరేషన్ చేసెయ్యండంటే సర్జన్ గారే వద్దన్నారు. కంటికి కనబడేదంతా తీయగలిగితేనే కోతకు ఫలితమట. మూడు కీమోలయ్యేసరికి నీరు తగ్గి ఆకలి పుట్టింది. ఆపరేషన్ తట్టుకున్నారు గానీ లేచి తిరగడానికి రెండు నెలలు పట్టింది, ఆ మాట మాకెవరూ ముందు చెప్పలేదు. కీమో వల్ల అరికాళ్ళు మొద్దుబారిపోయి, చెప్పు వీధిలో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేవారు.

రెండేళ్ళకు తిరగబెట్టింది, అదీ దాచను. ఆ రెండేళ్ళలో మనవరాలి పెళ్ళి చేశారు, సిరిమాను రెండుసార్లు చూశారు. బీఆర్‌సీఏ అనే జన్యు పరీక్ష గురించి కూడా అడగండి. అందులో తేడా ఉంటే కీమో తర్వాత ఒలాపరిబ్ లాంటి బిళ్ళలు బాగా పనికొస్తాయి. అప్పుడు మీ అక్క కూడా చేయించుకోవాలి.

రాజాం నర్సు
కార్బోప్లాటిన్ మోతాదు కిడ్నీ పనితీరును బట్టే లెక్క కడతారు. 1.6 అనగానే దారి మూసుకుపోదు. కానీ ఒళ్ళు నొప్పులకని డైక్లోఫినాక్ బిళ్ళ వేయనివ్వకండి, కిడ్నీకి చేటు, మన పల్లెల్లో అది బఠాణీల్లా మింగేస్తారు. కీమో పడ్డాక జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్ళాలి. బలహీనంగా ఉన్నవాళ్ళకు వారం వారం తక్కువ మోతాదులో ఇచ్చే పద్ధతీ ఉంది. వయసు కంటే, తన పని తాను చేసుకోగలుగుతోందా అన్నదే ఎక్కువ చూస్తారు.

మీ అక్క మాటా తీసిపారేయొద్దు. నొప్పి, వాంతులు, నీరు చూసే పాలియేటివ్ వాళ్ళను కీమో నడుస్తుండగానే కలవొచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఈసారి మాత్రం అమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఫైలుతో మీరే లోపలికెళ్ళకండి. రోజూ చూస్తుంటాం ఇది.

ఉద్దానం చిన్నోడు
నిన్న అమ్మను లోపలికి తీసుకెళ్ళాం. అన్నయ్య నోరు తెరవకముందే తనే అడిగింది, "కోత ఎయ్యకపోతే ఎన్నాళ్ళు బాబూ?" అని. డాక్టర్ కుర్చీ దగ్గరకు లాక్కుని, కచ్చితంగా చెప్పలేను, మందు పట్టడాన్ని బట్టి అన్నారు. పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేనని కూడా చెప్పారు. "అయితే మూడు సూదులు ఏయించుకుంతాను. కోత సంగతి అప్పుడు నానే సెప్తాను" అంది. అన్నయ్య, అక్క ఇద్దరూ కిక్కురుమనలేదు. మొదటిది బుధవారం.

తిరిగొస్తుంటే నరసన్నపేట దాటాక, జుట్టు ఊడిపోద్దా అని అడిగింది. ఊడుతుందన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే ఈ యేడు ఆడించిన కొబ్బరి నూనంతా అక్కకి పంపించీరా" అంది.