ఫ్యునిక్యులర్‌లో ఉన్నది తాడే

ఫ్యునిక్యులర్‌ను తెలుగులో రోప్‌వే అని రాయవచ్చునా అన్న ప్రశ్నకు, రాయకూడదన్నదే నా సమాధానం. రోప్‌వేలో పెట్టె గాలిలో వేలాడుతుంది. ఫ్యునిక్యులర్‌లో పెట్టె కొండవాలున పరిచిన పట్టాలమీదనే నడుస్తుంది, తాడు దానిని లాగుతుంది.

లాటిన్‌లో ‘ఫూనిస్’ అంటే తాడు. చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేరి అది ‘ఫూనికులుస్’, అనగా సన్నని తాడు, అయింది. ఫ్రెంచివారి ఫ్యునిక్యులేర్, ఇటలీవారి ఫునికొలారె దానినుండి వచ్చినవే. వృక్షశాస్త్రంలో అండాన్ని పట్టి ఉంచే సన్నని కాడకూ ఇదే పేరు. బొడ్డుతాడుకు వైద్యులు వాడే లాటిన్ పేరులోనూ ఈ మాటే ఉంది. మనవారు కూడా అక్కడ తాడునే చూశారు. ఇంత దూరపు భాషలు రెండింటికీ ఒకే పోలిక తోచడం నాకు ఎంతో ఆనందం కలిగించింది.

గిలకమీద ఒకే చేంతాడుకు రెండు కొసలా రెండు చేదలు కట్టిన బావిని తలచుకుంటే దీని పనితీరు తేలికగా బోధపడుతుంది. ఒక చేద దిగుతుంటే రెండవది పైకి వస్తుంది. ఫ్యునిక్యులర్‌లోనూ రెండు పెట్టెలు ఒకదాని బరువును మరొకటి మోసుకుంటాయి కనుక, యంత్రం ఆ రెండింటి బరువుల తేడాను, రాపిడిని మాత్రం అధిగమిస్తే చాలు. 1862లో లియోన్‌లోను, 1870లో బుడాపెస్ట్‌లోను ఇటువంటివి నడిచాయి. 1879లో స్విట్జర్లాండ్‌లోని గీస్‌బాఖ్ వద్ద, దారి నడుమ మాత్రమే పట్టాలు రెండుగా చీలి, పెట్టెలు ఒకదానినొకటి దాటుకునే ఏర్పాటును ఇంజనీరు రోమన్ ఆప్ట్ రూపొందించాడు. 1873లో మొదలైన శాన్ ఫ్రాన్సిస్కో కేబుల్ కార్ల సంగతి వేరు: అక్కడ తాడు వీధికింద ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, బండి దానిని కావలసినప్పుడు పట్టుకొని, అక్కరలేనప్పుడు వదిలేస్తుంది.

ఇక తెలుగు మాట. ‘రజ్జుమార్గం’ అంటే గాలిలో వేలాడేదానికీ సరిపోతుంది. పైగా రజ్జువు అన్న మాట, తాడును చూసి పాము అని భ్రమపడే వేదాంత దృష్టాంతంలో తప్ప మనకు వాడుకలో లేదు. తాడుతో సమాసం చేస్తే ‘తాటిబండి’ అవుతుంది, కాని చదివేవారి మనసు తాటిచెట్టు వైపు పోతుంది. క్రారవడి (ర వత్తు) చెదరని పాత రూపం ‘త్రాడు’ తీసుకొని ‘త్రాటిబండి’ అంటే ఆ చిక్కు ఉండదు. బండి అన్నాము కనుక గాలిలో వేలాడే పెట్టె అన్న భ్రమకూ తావు లేదు.